రైలెక్కని సైకిల్ మూట

బుకింగ్ కిటికీ వెనక ముప్ఫై రెండేళ్ళు కూర్చున్నాను. ఆ కిటికీ ఒక చెయ్యి దూరేంత ఉంటుంది. అందులోంచి మనిషి సగమే కనిపిస్తాడు, మిగతా సగం మనమే ఊహించుకోవాలి. మొన్న మా తమ్ముడి కూతురికి ఇదే ఉద్యోగం వచ్చింది. "పెద్దనాన్నా, నాలుగు మంచి మాటలు రాసివ్వు" అంది. మంచి మాటలు ట్రైనింగులో చెబుతారు. టికెట్ మిషన్ ఎట్లా నొక్కాలో, చిల్లర ఎట్లా ఇవ్వాలో కూడా వాళ్ళే చెబుతారు. ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఎవరి సంతకంతో పైకెక్కానో ఎవరికీ అక్కరలేదు. నేను రాసేది అనుమానం గురించి. ఈ ఉద్యోగంలో అది లేకపోతే బతకలేం. ఉంటే ఏమవుతుందో ఎవరూ రాయలేదు, అందుకని నేను రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఎవర్నీ తొందరగా నమ్మను. కూరగాయలమ్మే ఆమె తక్కెడ ఎత్తితే ముల్లు చూస్తాను. డాక్టరు మందు రాస్తే ఇంకో డాక్టరుకు చూపిస్తాను. "నీతో కాపురం పోలీసు స్టేషన్లో ఉన్నట్టుంటది" అని మా ఆవిడ అంటుంది. ఆమె అబద్ధం చెప్పదు.

అనుమానం ఎట్లా అంటుకుంది

పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మామూలు మనిషికి చెవులు పగిలిపోతాయి. మా నాన్న మాత్రం బయట బీడీ కాల్చుకుంటూ ఉండి, ఉన్నట్టుండి లోపలికి ఉరికేవాడు. ఎక్కడో ఒక్క పోగు తెగి ఉండేది. అంతా బాగున్నప్పుడే ఏదో తెగిందని చెవి పెట్టడం నాకు ఆయన దగ్గరే వచ్చింది.

ఉద్యోగంలో చేరాక మొదటి పెద్దసారు నర్సింహాచారి. బొగ్గుగనుల వైపు ఒక స్టేషన్లో మాస్టరుగా ఉండేవాడు. నోరు మంచిది కాదు, మనిషి మంచివాడు. నన్ను మొదటి వారమే పిలిచి చెప్పాడు.

"మూట చూడకు, మూట పట్టుకున్న చెయ్యి చూడు. అనుమానం అస్తె అడుగు. అడిగినంక చూడు. చూసినంక ఇడిసిపెట్టు. మూడు పనులు. యాదుంటదా?"

ఉంటుందన్నాను. ఆయన చెప్పినట్టే చేతులు చూడటం మొదలుపెట్టాను. ఒకసారి చందుర్తి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చీర కొంగులో పసిపాపను కప్పుకుని టికెట్ అడిగింది. పాపను పట్టుకున్న చెయ్యి మరీ గట్టిగా బిగిసి ఉంది. "పాపకు ఎన్ని నెలలమ్మా?" అన్నాను. ఆమె నోరు తెరిచేలోపు పాప "మే" అంది. మేకపిల్లకు టికెట్ రాసేటప్పుడు లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, ముసలమ్మ కూడా నవ్వింది.

తర్వాత ఒకడు పాత గిన్నెలని చెప్పి ఒక గోనెసంచి తెచ్చాడు. గిన్నెలైతే కదిలినప్పుడు మోగాలి. ఇది మోగలేదు. విప్పిస్తే సిగ్నల్ తీగల రాగి. నర్సింహాచారి అందరి ముందూ నా భుజం తట్టి, "వీని కండ్లకు ఎక్స్‌రే ఉన్నది" అన్నాడు. ఆ పొగడ్త నన్ను పాడుచేసింది. అప్పటినుంచి నా ఊహ తప్పవుతుందేమో అన్న సందేహం నాకు రాలేదు. అందరినీ అనుమానించేవాణ్ణి, నన్ను తప్ప.

ఉద్యమం రోజుల్లో

చివరి పదేళ్ళు జగిత్యాల పక్కన ఒక చిన్న స్టేషన్లో పనిచేశాను. అప్పట్లో ఆ వైపు రైలు అక్కడితో ఆగిపోయేది. కోరుట్లకు పట్టాలు ఇంకా పడలేదు. పొద్దున ఒక ప్యాసింజరు పెద్దపల్లికి పోయేది, తిరిగి వచ్చేది. అంతే మా ప్రపంచం.

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. బడులు మూతబడ్డాయి. జనం నిరసనగా రోడ్ల మీదే వంటలు వండి అక్కడే తిన్నారు. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మాకు మాత్రం డ్యూటీ ఉంది. నేనూ ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణే. సమ్మె టెంటు ముందు నుంచి పోతుంటే మావాళ్ళే "ఢిల్లీ నౌకరు పోతున్నడురా" అనేవారు. స్టేషనుకు పోతే పైనుంచి వచ్చిన ఆఫీసర్లు, "నువ్వు లోకల్ కదా, రేపు రైలు ఆపేది ఎవరో నీకు తెలిసే ఉంటుంది" అనేవారు. రెండు వైపులా అనుమానం నా మీదే. ఎవరి మీద అనుమానం పడుతుందో వాడు ఇంకొకరిని పట్టుకుని చూపిస్తేగాని తన మీది మచ్చ పోదనుకుంటాడు. అప్పుడు ఈ సంగతి నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు.

రైల్ రోకో ముందురోజు ఒక సర్క్యులర్ వచ్చింది. అనుమానం కలిగించే మూటలను ముట్టుకోవద్దు, రైల్వే పోలీసులకు చెప్పాలి అని. దాన్ని కిటికీ పక్కన అంటించుకున్నాను.

మూట

ఆ పొద్దున కోరుట్ల నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. దాని టాపు మీద నుంచి యాభై ఏళ్ళ మనిషి ఒక పెద్ద మూట దించుకున్నాడు. నాలుగు గోనెసంచులను విప్పి, కలిపి కుట్టిన మూట. మంచం అంత వెడల్పు ఉంది. దాన్ని పసిబిడ్డను మోసినట్టు రెండు చేతులతో ఎత్తుకొచ్చి, నా కిటికీ పక్క తలుపు దగ్గర గోడకు ఆనించాడు.

"పెద్దపల్లికి ఒకటియ్యిండ్రి సాబ్."

"మూటల ఏమున్నది?"

"సైకిల్ సాబ్. విప్పి కట్టిన."

"పేరు?"

"ఖాజామియా. కోరుట్ల. సైకిళ్ళు బాగుచేస్త."

ఆ పేరు వినగానే నా చెయ్యి టికెట్ మీద ఆగింది. ఆగలేదని రాసుకుంటే నాకు హాయిగా ఉంటుంది కానీ, ఆగింది. ఇంకో పేరు చెప్పి ఉంటే ఆగేదా అని ఇన్నేళ్ళలో చాలాసార్లు నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఆగేది కాదు.

"సైకిలైతే సక్కగ బుక్ చేస్తె అయిపోవు గద. విప్పుడెందుకు?"

"నిలవెట్టి తెస్తె బ్రేక్‌వ్యాన్‌ల ఏస్తరు సాబ్. దానిమీద ఇంకో నాలుగు మూటలు పడ్తయి. దీంట్ల నాజూకు పని ఉన్నది. నా పక్కకే పెట్టుకోని కూసుంట."

నాజూకు పని అన్న మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. తలుపు తీసి బయటికి వచ్చి మూటను తడిమాను. గొట్టాలు తగిలాయి. మధ్యలో ఒకచోట పెట్టె లాంటిది, గట్టిగా, చదరంగా తగిలింది. సైకిల్లో అలాంటిది ఏదీ ఉండదు.

అప్పుడే కుట్టు చూశాను. దారం అయిపోయిన చోట కొత్త దారాన్ని అతికిన ముడి నాకు తెలిసినదే. మగ్గం మీద తెగిన పోగును అతకడానికి మా వాళ్ళు వేసే ముడి అది. చాలా చిన్నది, చిటికెలో పడుతుంది, ఎంత లాగినా జారదు. మా నాన్న చేతుల్లో కొన్ని వేలసార్లు చూశాను. సైకిళ్ళు బాగుచేసేవాడికి ఆ ముడి రాదు. అది సిరిసిల్ల ముడి. కోరుట్ల మనిషినని ఈయన అబద్ధం చెబుతున్నాడు. ఇంత సన్నటి సంగతి పట్టుకోవడం ఈ జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికి చేతనవుతుంది అనుకున్నాను.

"ఈ మూట ఎవరు కుట్టిండ్రు?"

"ఇంట్లనే కుట్టినం సాబ్."

"ఎవలకు ఈ సైకిల్?"

"నా బిడ్డకు. పోస్టాఫీసుల కొలువచ్చింది సాబ్, ఊర్లల్ల ఉత్తరాలు పంచేది. పెద్దపల్లి అవుతల. రేపు పొద్దుగాల పదింటికి సార్ల ముందట సైకిల్ తొక్కి చూపెట్టాలె. బస్సులు బంద్ కాకముందే పెద్దమ్మ ఇంటికి పోయింది. సైకిల్ ఈడనే ఉండిపాయె."

"ఆడ ఇంకో సైకిలే దొరకదా?"

"దొరుకుతది సాబ్. గని..." ఆయన ఆగాడు. వెనక లైన్లో పదిమంది ఉన్నారు, ఆడవాళ్ళు, మగవాళ్ళు. వాళ్ళ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "గదే కావాలె సాబ్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నాకు.

"బిడ్డకు ఫోన్ చెయ్యి. నేను మాట్లాడ్త."

చేశాడు. కలవలేదు. "కరెంటు లేదు సాబ్, ఫోన్ల చార్జింగు ఉండదు" అన్నాడు. నేను తల ఊపాను. దొంగ చెప్పే సమాధానాలు ఎప్పుడూ ఇలాగే కుదిరిపోతాయి.

"మీకు నమ్మకం లేకుంటె నేనే విప్పి చూపెడ్త సాబ్. రెండు నిమిషాల పని." జేబులోంచి చిన్న కత్తెర తీశాడు.

"ముట్టకు!" అని అరిచాను. లైన్లో ఉన్నవాళ్ళంతా రెండడుగులు వెనక్కి జరిగారు. "దూరం జరుగు. పోలీసు అచ్చేదాక ఎవరు ముట్టద్దు."

ఆయన్ను ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చోమన్నాను. కానిస్టేబుల్ ఊళ్ళో బందోబస్తుకు పోయాడు, కబురు పంపాను. స్టేషన్ మాస్టరుకు చెబితే, "ఆ సంగతి నువ్వు చూసుకో, నాకు గార్డుతోటి పని ఉన్నది" అన్నాడు. తన చేతికి మట్టి అంటకుండా తప్పుకునే ఇలాంటి సార్లు నీకూ దొరుకుతారు. తిట్టే సారు దొరికితే దండం పెట్టు.

రైలు పదిహేను నిమిషాలు నిలిచి ఉంది. ఖాజామియా మూడుసార్లు లేచి వచ్చాడు. మొదటిసారి సాబ్ అన్నాడు, రెండోసారి చేతులు జోడించాడు. మూడోసారి, "నన్ను ఈడనే కూసోవెట్టుకోండ్రి, మూట ఒక్కటన్న పంపుండ్రి, పెద్దపల్లిల నా బిడ్డ వచ్చి తీసుకుంటది" అన్నాడు. మనిషి లేకుండా మూటనా? నా అనుమానం ఇంకా ముదిరింది. రైలు వెళ్ళిపోయింది. అది పోతున్నంతసేపూ ఆయన చివరి పెట్టెను చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు రైల్ రోకో, రైలే లేదు.

విప్పాక

రైలు పోయిన అరగంటకు కానిస్టేబుల్ వచ్చాడు. విషయం విని, ఒక్క నవ్వు నవ్వి, బ్లేడుతో కుట్టు కోసేశాడు. అందులో ఉన్నవి రెండు చక్రాలు, ఫ్రేము, హ్యాండిల్, సీటు, చైను. ప్రతిదానికీ నూలు వేస్టు చుట్టి ఉంది. మధ్యలో నాకు తగిలిన పెట్టె ఎడమ పెడల్. దాని మీద నాలుగు వేళ్ళ ఎత్తు చెక్కదిమ్మె, పైన తోలు పట్టీ, చుట్టూ సన్నటి ఇనుప బద్ద వేసి వెల్డింగు చేసి ఉంది.

"ఏందిది?" అన్నాడు కానిస్టేబుల్.

లైన్లోవాళ్ళంతా రైల్లో పోయారు. ప్లాట్‌ఫారం మీద మేము ముగ్గురమే. ఖాజామియా అప్పుడు చెప్పాడు.

"చిన్నప్పుడు పోలియో అచ్చింది సార్ నా బిడ్డకు. ఎడమ కాలు పొట్టి. గీ పెడల్ మీదనైతే అందరి లెక్క తొక్కుతది. పెండ్లి కావలసిన పిల్ల. అంతమందిల కాలు సంగతి ఎట్ల చెప్పాలె సాబ్?"

నేను అప్పటికీ ఊరుకోలేదు. ఓడిపోవడం నా చేత కాలేదు. "మరి ఆ ముడి? అది సిరిసిల్లోళ్ళ ముడి గద" అన్నాను.

"నా భార్యది సిరిసిల్లనే సాబ్. లగ్గం అయ్యేదాక కండెలు చుట్టింది. గీ మూట ఆమెనే కుట్టింది."

మా ఊరి ఆడబిడ్డ వేసిన ముడి అది. దాన్ని పట్టుకుని ఆమె మొగుణ్ణి దొంగను చేశాను.

ఆయన ప్లాట్‌ఫారం మీదే కూర్చుని సైకిల్ బిగించాడు. అరగంట కూడా పట్టలేదు. సీటు కాస్త పైకి లేపి ఎక్కాడు. ఎడమ వైపు ఆ దిమ్మె ఉండడంతో ఆయన మోకాలు ప్రతి తొక్కుకూ పొట్ట దాకా లేచింది. గొల్లపల్లి, ధర్మారం మీదుగా పెద్దపల్లి అరవై కిలోమీటర్ల పైనే, అటు పోయే జీపులు కూడా లేవు. అలాగే కుంటుతున్నట్టు తొక్కుకుంటూ పోయాడు. మా పాయింట్స్‌మన్ ఓదెలు సైకిల్ అక్కడే గోడకు ఆనించి ఉంది. దాని పెడల్ ఒకటి విప్పి ఇచ్చినా ఆయనకు ఆ బాధ తప్పేది. అది నాకు ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటుంటే తోచింది.

క్షమించమని కూడా అనలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టని భయపడతాం. ఒప్పుకోవడమే కదా దానికి అర్థం.

కోరుట్లలో

ఆ పిల్లకు ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది నేను తెలుసుకోలేదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వచ్చి ఉంటుందిలే అని ఒక రోజు, రాలేదేమో అని ఒక రోజు అనుకుంటూ సంవత్సరాలు గడిపేశాను. రాష్ట్రం వచ్చింది. నేను రిటైరయ్యాను. కోరుట్లకు పట్టాలు కూడా పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే మా ఆవిడకు పనుందని చెప్పి బయలుదేరాను.

షాపు దొరికింది. ముందు ఒక ఆమె చక్రాన్ని స్టాండుకు బిగించి, తిప్పుతూ, పుల్లలు ఒక్కొక్కటే బిగిస్తోంది. ఎడమ కాలికి ఎత్తు మడమ బూటు. లోపల కుర్చీలో ఖాజామియా. గడ్డం తెల్లబడింది. నన్ను చూడగానే పోల్చుకున్నాడు.

"అరె, టికెట్ సాబ్! రాండ్రి, కూసోండ్రి. రేష్మా, చాయ్ చెప్పు బిడ్డ."

నాకు కూర్చోవాలనిపించలేదు. కూర్చున్నాను. నిలబడే అడగాల్సిన మాట కూర్చుని అడిగాను. "ఆ రోజు చేరుకున్నవా?"

"చేరిన సాబ్. పొద్దుమూకేవరకు చేరిన. గని పెడల్ వంగింది. దాన్ని పిల్ల బరువుకు చేసిన, నా బరువుకు కాదు. రాయితోటి కొట్టి సక్కగ చేసిన. వెల్డింగు పెట్టిద్దామంటె కరెంటు లేదు, దుకాణాలు బంద్. పొద్దుగాల సార్ల ముందట ఎక్కింది. సగం దూరం మంచిగనె పోయింది. ఆడ ఇరిగింది."

"పడ్డదా?"

"పడ్డది. సార్లు మంచోళ్ళే సాబ్, లేవట్టిండ్రు. ఇంకోపారి తొక్కు బిడ్డ అన్నరు. దేని మీద తొక్కుతది?" ఆయన చేతులు చాపాడు. "ఆ కొలువు ఎన్కున్న పిలగానికి పోయింది. పోనియ్యిండ్రి. షాపు నడుపుతున్నది గద, నాకన్న మంచిగ నడుపుతది."

చాయ్ వచ్చింది. గ్లాసు పట్టుకున్నాను, తాగలేకపోయాను. "తప్పు నాది ఖాజాభాయ్. నీ బిడ్డ కొలువు నేనే పోగొట్టిన" అన్నాను.

"అట్లనకుండ్రి. ఆ దినాలు గసుంటియి. మీరు భయపడ్డరు. ఎవలైన భయపడ్తరు. నేను గదే చెప్పిన ఇంట్ల, సాబ్ భయపడ్డడు, పాపం అని."

రేష్మ చక్రం తిప్పడం ఆపింది. ఆమె అప్పటిదాకా నా వైపు చూడలేదు.

"బాంబున్నదని భయపడ్డరా సార్?"

"అవునమ్మా. సర్క్యులర్ అచ్చె. రోజులు మంచిగ లేకుండె."

"మరి బాబాను బెంచీ మీద దూరం కూసోవెట్టి, మీరు ఆ మూటను మీ రూముల పెట్టించుకొని, దానికి కాళ్ళు ఆనించి చాయ్ తాగిండ్రట గద. భయమున్నోళ్ళు అట్ల కూసుంటరా?"

"రేష్మా, పోనియ్యి బిడ్డ" అన్నాడు ఖాజామియా.

"నువ్వాగు బాబా. అడుగుతున్న, అంతే."

పైన ఇంత రాశాను కానీ ఈ చాయ్ సంగతి రాయలేదు. మరిచిపోయి కాదు. మూటను గదిలోకి తెప్పించుకున్నాను, ఓదెలు చాయ్ తెచ్చాడు, రైలు నిలిచి ఉన్నంతసేపూ దాని పక్కనే కూర్చుని తాగాను. ఆ పిల్ల అడిగేదాకా ఆ సంగతి నన్ను నేను కూడా అడగలేదు. ఇంకో అబద్ధం చెప్పి లేచి పోవచ్చు. ముప్ఫై రెండేళ్ళు ఇతరుల అబద్ధాలు పట్టిన మనిషిని, ఒకటి అల్లడం నాకు కష్టం కాదు.

"భయం కాదమ్మా" అన్నాను. "విప్పితె సైకిలే ఎల్తదని నాకెరుకే. పదిమంది ముందట ముట్టకు అని ఒర్రిన. రైలు ఉండంగ విప్పితె నా మాట తప్పైపోతదని, రైలు పోయినంకనే విప్పిచ్చిన."

రేష్మ స్టాండు వైపు తిరిగి చక్రాన్ని మళ్ళీ తిప్పింది. ఖాజామియా చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. నేను నిజంగానే భయపడ్డానని ఆయన ఇన్నేళ్ళూ నమ్మాడు. అందుకే నన్ను లోపలికి పిలిచి చాయ్ తెప్పించాడు.